యాదమ్మ సీసాలో రెండు మాత్రలు

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఒక జూన్ మొదటి సోమవారం, సికింద్రాబాద్‌లో ఒక ఏఆర్‌టీ కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరాను. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు జీవితాంతం వాడాల్సిన మందులిచ్చే చోటది. ముందు కౌన్సెలరు, తర్వాత మెడికల్ ఆఫీసరు, చివరి కిటికీ నాది.

అప్పట్లో ఎక్కువమందికి ఇచ్చింది మూడు మందులు కలిసిన ఒకే మాత్ర. మన కణంలో దూరిన వైరస్ ఒక ఎంజైము సాయంతో తన డీఎన్ఏను గొలుసులా అల్లుకుంటుంది. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ గొలుసులో దొంగ కొక్కేల్లా చేరతాయి. అల్లిక అక్కడితో ఆగుతుంది. ఎఫావిరెంజ్‌ది వేరే తరగతి. అది ఎంజైముకే అతుక్కుని దాన్ని కదలనివ్వదు. టెనోఫోవిర్‌తో కిడ్నీలను గమనిస్తుండాలి. ఎఫావిరెంజ్ తల తిప్పుతుంది, పీడకలలు తెస్తుంది. అందుకే పడుకోబోయే ముందు వేసుకోమంటాం. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అందరికీ కాదు.

రోజుకొకటి చొప్పున ముప్పై మాత్రల సీసా ఇచ్చి, ఇరవై ఎనిమిది రోజులకు సీసాతో సహా రమ్మనేవాళ్లం. రెండు మిగిలితే సరిగ్గా వాడినట్టు. ఎక్కువుంటే నేను కోప్పడేవాణ్ణి. అల్వాల్‌లో టిఫిన్ సెంటరు నడిపే యాదమ్మ (పేరు మార్చాను) సీసాలో ఎప్పుడూ రెండే. వచ్చినప్పుడల్లా మాకు వడలు తెచ్చేది. "ఇయ్యాల చట్నీ పల్చగైంది సారూ, జెర అడ్జస్ట్ చేస్కోండ్రి" అనేది. "ఈమెను చూసి నేర్చుకోండి" అని వరుసలో ఉన్నవాళ్లకు వినిపించేలా అనేవాణ్ణి. రిజిస్టరులో దుష్ప్రభావాల గడి ఒకటుంటుంది. ఆమె నోరు తెరిచేలోపే అందులో "లేవు" అని రాసేసేవాణ్ణి.

రెండో ఏడు ఆమె రక్తంలో వైరస్ బాగా పెరిగిందని రిపోర్టు వచ్చింది. మెడికల్ ఆఫీసరు అడిగితే, లెక్క పక్కాగా ఉంది మేడమ్, ల్యాబే పొరబడి ఉంటుంది అన్నాను. ఆవిడ యాదమ్మను గడువుకు రెండు రోజుల ముందే పిలిపించారు.

ఆ రోజు సీసాలో నాలుగు ఉండాలి. రెండే ఉన్నాయి.

"ఏంటి యాదమ్మా, రెండు ఎక్కువ మింగావా?" అన్నాను.

నవ్వింది. "మింగితే గద సారూ!"

తెల్లవారుజామున పిండి రుబ్బడానికి లేస్తే నేల ఊగేదట. ఒకసారి తూలి పెనం మీద చెయ్యి పెట్టింది. అప్పట్నించి వారంలో సగం రోజులు మానేసి, మిగిలినవి ఇక్కడికి రాబోయే ముందు మోరీ కాలువలో పారేసేది. "ఎప్పుడైనా రెండు ఉంచి మిగిల్నయి పారేస్త. ఈసారి జల్దీ పిల్సిన్రు, లెక్క దప్పింది."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అందరి ముంగట నన్ను ఫస్ట్ క్లాస్ చేసిన్రు. ఎట్ల చెప్పాలె? చెప్దామంటే మీరు నోరు దెర్వనిస్తరా?"

మొదట్లోనే తెలిస్తే ఎఫావిరెంజ్ ఒక్కటే మారిస్తే సరిపోయేది. మందు ఒకరోజు పడి ఒకరోజు పడకపోతే, వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది. పరీక్షల తర్వాత, మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరుస మందులకు మార్చాల్సి వచ్చింది. రిజిస్టరు తీసుకెళ్లి మెడికల్ ఆఫీసరు ముందు పెట్టి, తప్పు నాదని చెప్పాను.

కొత్త మందుల్లో అటజనావిర్ ఉంది. అది మరో తరగతి: కొత్త వైరస్ తయారీలో ప్రొటీన్లను కత్తిరించే కత్తెరను పట్టేస్తుంది. ఈసారి యాదమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్లు పచ్చబడవచ్చు, మానకు, వచ్చి చూపించు అన్నాను.

పది రోజుల్లో వచ్చింది. "కండ్లకు పసుపు రాసినట్టున్నది సారూ. పక్కింటామె కామెర్లని పసరు తాగుమంటుంది. తాగాల్నా?"

వద్దన్నాను. పరీక్షలో కాలేయం బాగానే ఉంది, ఆ పసుపు మందు వల్ల వచ్చిందే. ఆమె మందు మానలేదు. ఆరు నెలలకు వైరస్ పరీక్షకు అందనంత తగ్గింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అల్వాల్ వెళ్లి ఆమె దగ్గర టిఫిన్ చేస్తాను. చట్నీ ఇంకా పల్చనే.

సీసాలో ఎన్ని మాత్రలు లేవో లెక్క చెబుతుంది. అవి ఎక్కడికి పోయాయో మనిషే చెప్పాలి. ఆ మనిషి చెప్పేదాకా పెన్ను కింద పెట్టి ఉంచడం కూడా ఫార్మసిస్టు పనే.