మూతి తుడుచుకుని వచ్చే పిన్ని

నీళ్లు తాగిన ప్రతిసారీ మా పిన్ని చెంగుతో మూతి శుభ్రంగా తుడుచుకుని, ఆ తర్వాతే ఇంట్లో అడుగుపెట్టేది. చిన్నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. రోజుకు మూడు చిన్న గ్లాసుల నీళ్లే తాగాలని డాక్టరు చెప్పాడు. సోంపేట ఎండల్లో ఆయన కుండవైపే చూస్తూ పడుకునేవాడు.

"నువ్వు బాగా తాగమ్మా, నువ్వూ మంచమెక్కితే ఈయన్నెవరు చూస్తారు?" అని నర్సు పిన్నిని కోప్పడిందట. అందుకే ఆమె జీడితోటలో బోరు దగ్గరికెళ్లి కడుపునిండా తాగేది. ఆయనతో మాత్రం "నువ్వు తాగినన్నే నానూ తాగుతన్నాను" అనేది.

సాయానికని పలాస నుంచి వెళ్లిన నాకు ఆ సంగతి తెలియదు. ఓ మధ్యాహ్నం చిన్నాన్న "మీ పిన్నేదమ్మీ?" అన్నాడు.

"బోరుకాడ నీల్లు తాగతంది సిన్నాన్నా" అన్నాను.

పిన్ని మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"నాను దాహంతో సత్తంటే నువ్వు సాటుగా తాగొత్తన్నావేటి?" అన్నాడాయన.

పిన్ని ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

మర్నాటి నుంచి ఆయన గ్లాసు పక్కనే తన గ్లాసూ పెట్టి, ఆయన ఎదురుగానే తాగింది. అవే మూడు. పెదాలు పగిలి, తూలుతూ నడిచేది.

"పడిపోతావు పిన్నీ, బోరుకాడికెల్లు" అని బతిమాలాను.

"ఎల్తే మల్లీ సెప్పీడానికా?" అంది.

చిన్నాన్న పోయి చాలా ఏళ్లయింది. పిన్ని ఇప్పటికీ మా ఇంటికొస్తుంది. నేను నీళ్లిస్తే గోడవైపు తిరిగి తాగుతుంది. మూతి తుడుచుకున్నాకే నావైపు తిరుగుతుంది.