ఖాళీ స్టూలు మీద కూసున్నోడు

నేను ఒట్టు పెట్టను. ఇంతకుముందు పెట్టిన ఒట్లన్నీ అబద్ధాలే, ఆర్మూర్ల అందరికీ తెలుసు. సరస్వతి మీద ఒట్టు పెట్టి బడి ఎగ్గొట్టినోన్ని. ఎనిమిదో క్లాసుతోటే చదువుకు దండం పెట్టినోన్ని. అందుకే ఈ ఒక్కదానికి ఒట్టు లేదు. ఒట్టు లేకుంట చెప్తున్ననంటే నిజమని మీరే సమజ్ చేసుకోండ్రి.

ముందుగాల నా పని చెప్పాలె. సేటు పసుపు కమీషన్ దుకాణంల పదకొండేండ్లు నెల జీతానికి చేసిన. ఏం పనంటే... ఇరుసుడు. రైతు బస్తా మూతి ఇప్పుతడు. నేను ఒక కొమ్ము తీస్త. ఎడమ చెవి కాడ పెట్టుకుంట. కండ్లు మూస్త. ఇరుస్త. మంచిగ ఎండిందైతే... ఠక్! ఇనుము మోగినట్టు మోగుతది. పచ్చిదైతే చప్పుడు మెత్తగొస్తది. ఇరిసిన ముక్కలను భుజం మీదికెల్లి ఎనుకకు ఇసురుత. "అరే భూమేషూ, అది పసుపురా, బీడీ ముక్క కాదు" అని సేటు రోజు తిడుతుండె. నేను రోజు ఇసురుతుంటి. కూసునేటందుకు ఒక ఇనుప స్టూలు. గంతే నా ఆఫీసు.

పని అయినంక ఫోన్ల వీడియోలు కోసి అతికిచ్చుడు నేర్చుకున్న. మొదలు పెండ్లి వీడియోలు. తర్వాత ఏడేడి దేశపోళ్ళో తిరిగిన వీడియోలు పంపుడు, నేను కోసి పంపుడు. నాకు ఇంగ్లీషు రాదు, ఫోనే తర్జుమా చేస్తది. చేతినిండ పని దొరకవట్టింది. గప్పుడు పుట్టింది బుద్ధి. వాళ్ళు తిరుగుతుంటే నేను కోస్తున్న... నేనే తిరుగుకుంట కోస్తే?

సేటుకు చెప్పిన.

"ఏ కంపెనీరా? దుబాయా, మస్కటా? ఏజెంటెవడు?"

"కంపెనీ లేదు, ఏజెంటు లేడు సేటు. లాప్‌టాప్ పట్టుకొని దేశాలు తిరుగుత. యాడుంటే గాడనే పని."

సేటు కండ్లద్దాలు తీసి నన్ను కింది నుంచి మీదిదాక చూసిండు. "మనోళ్ళు పని ఎనుక దేశాలు పోతరు. నువ్వు పనిని సంకల పెట్టుకొని పోతవా?" అన్నడు. మళ్ళ ఆయనే అన్నడు. "శివరాత్రి దాటంగనే కొత్త పసుపు దిగుతది. గప్పటిదాక నీ స్టూలు ఎవ్వనికియ్య. వస్తవో రావో ముందే చెప్పు. తర్వాత ఇంకొకన్ని కూసోపెడితే నన్ననొద్దు."

"ఇనుప స్టూలు సేటు, చెదలు పట్టదు తియ్" అని నవ్వుకుంట బయటపడ్డ.

బ్యాంకాక్. మలేషియా. ఆఖర్న వియత్నాం. మొదటి రెండు నెలలు మస్తు. నేను ఫోటో పెడితే కింద మనోళ్ళు, "అన్నా, లైఫంటే నీదే" అని రాస్తుండిరి. ఆ ముచ్చట చదువుకుంట నేను కప్పు నూడుల్స్‌ల ఏడినీళ్ళు పోసుకుంటుంటి.

నన్ను ఆర్మూర్ల జోకర్ అంటరు. గాడ జోకేస్తే నవ్వెటోడు లేడు. ఫోన్ తర్జుమా చేసి చెప్పేలోపల జోకు చచ్చిపోతుండె. ఇంకో ముచ్చట... ఇక్కడ పొద్దుగాల్నుంచి రాత్రిదాక పది మంది అడుగుతరు కదా, "తిన్నవా?" అని. నాకు యాష్టకొస్తుండె. "తినకుంటే నువ్వు పెడ్తవా?" అంటుంటి. గాడ ఐదు నెలల్ల ఒక్కడంటే ఒక్కడు అడగలే. అమ్మానాయిన ఎప్పుడో పోయిండ్రు. అక్క సిరికొండల ఉంటది, ఆమె ఎవుసం ఆమెకే సరిపోతది.

ఇగో, ఇప్పుడు చెప్పేది సేటుకు ఇప్పటికీ తెల్వదు. దుకాణం ఎనుక గోదాంల కెమెరా పెట్టిచ్చింది నేనే. ఫోన్లకెల్లి దాన్ని అటిటు తిప్పచ్చు. ఆడి చప్పుడు ఇనచ్చు. మైకు గుర్తు ఒత్తితే మన మాట ఆడ ఇనబడ్తది. పాస్‌వర్డు నేనే పెట్టిన. పోయేటప్పుడు నేను చెప్పుడు మర్చిన, సేటు అడుగుడు మర్చిండు. రోజు రాత్రి పండుకునేముందు తెరిచి చూస్తుంటి. దొంగ బుద్ధితోటి గాదు... మన మనిషి మొఖం కోసం. వాచ్‌మన్ గంగారం కాక ఊడుస్తుంటడు. పిల్లితోటి మాట్లాడుతుంటడు. పిల్లిని గూడ అడుగుతడు, తిన్నవానే అని. నేను ఈడికెల్లి "ఇంకా లేదు కాకా" అంటుంటి. మైకు ఒత్తకుంట.

శివరాత్రి ఇంక రెండు దినాలుందనంగ... ఆ రాత్రి.

డా లాట్ అని గుట్టల మీది ఊరు. మూడో అంతస్తుల చిన్న రూము. చలి. నాకు రెండు గంటలు, ఆర్మూర్ల పన్నెండున్నర. సేటుకు మెసేజ్ కొట్టి పెట్టుకున్న. "వస్తలేను సేటు. స్టూలు వేరేటోనికియ్యి." పొద్దుగాల పంపుదామని ఆపిన. ఎందుకు రానంటే... ఐదు నెలలకే ఎనుకకొస్తే చాయ్ హోటల్ కాడ ఎంత నవ్వుతరో మీకు తెల్వదా? అందర్ని నవ్విచ్చినోన్ని. నా మీద నవ్వుతే తట్టుకోను.

ఆఖరుసారి చూద్దామని కెమెరా తెరిచిన.

రాత్రి కదా, బొమ్మ నలుపు తెలుపుల వస్తది. గోదాం ఖాళీ. పోయినేటి సరుకంతా అమ్ముడువోయింది. నేల మీద ఒక్క కొమ్ము లేదు. ఊడ్సిన చారలు కనబడుతున్నయ్. మూలకు చీపురు. గంతే.

అప్పుడు...

ఠక్.

చిన్నగ. నేను మా పక్క రూమోడు ఏదో ఇరగ్గొట్టిండనుకున్న.

ఠక్.

ఫోన్లకెల్లే. పదకొండేండ్లు చెవి కాడ ఇన్న చప్పుడు. గోడ కెమెరాను మెల్లగ తిప్పిన. కిర్...ర్...ర్... గోడ వచ్చింది. తూకం కాంటా వచ్చింది. నా స్టూలు వచ్చింది.

స్టూలు మీద మనిషున్నడు.

నల్ల గొంగడి కప్పుకున్నడు, నెత్తి మీదికెల్లి. మొఖం కనబడ్తలేదు. ఎడమ చెవి కాడికి చెయ్యి లేపిండు... ఆగిండు... ఠక్. ముక్కలు భుజం మీదికెల్లి ఎనుకకు ఇసిరిండు.

మీ చెయ్యి మీకు తెల్వదా? నాకు నాది తెలుసు.

మైకు మీద బొటనేలు పెట్టిన. ఎవడ్రా అని అరుద్దామని. ఏలు ఒత్తింది. నేను అరిచేలోపల్నే గాడ... వాడు తల లేపిండు. మెల్లగ. మస్తు మెల్లగ. సక్కగ కెమెరా దిక్కు. గొంగడి లోపల నల్లగ... ఏం లేదు. ఉన్నదేమో, కనబడలే. అన్నడు...

"తిన్నవారా?"

మీ గొంతు మీరు రికార్డుల ఇన్నరా ఎప్పుడన్న? మనదే అయినా జర పరాయిదాని లెక్కుంటది. గట్లనే ఉండె.

ఫోన్ చేతులకెల్లి జారి బండల మీద పడ్డది. తీసి చూసేసరికి... స్టూలు ఒక్కటే.

గంగారం కాకకు ఫోన్ కొట్టిన.

"ఎవ్వలూ?"

"కాకా, భూమేష్‌ను. జర గోదాం తెరిచి చూడు."

"నువ్వేడికెల్లిరా? ఏ దేశంల తెల్లారింది?"

"ఏ దేశమైతేంది కాకా, తెరువు!"

షటర్ చప్పుడు ముందు కాల్‌ల ఇనబడ్డది. జర సేపటికి కెమెరాల ఇనబడ్డది. కాక బ్యాటరీ లైటు అటు ఇటు కొట్టిండు.

"ఎవ్వల్లేరు బిడ్డా. ఎలుక గూడ లేదు."

"స్టూలు మీద చెయ్యి పెట్టు."

"ఏందిరా నీ పరాచికాలు, గీ రాత్రి?"

"పెట్టు కాకా. నీ కాళ్ళు మొక్కుత."

కాక చెయ్యి పెట్టుడు నాకు కనబడుతున్నది. పెట్టిన చెయ్యి తియ్యలే.

"...వెచ్చగున్నదిరా."

ఇనుప స్టూలు. శివరాత్రి చలిల.

"పిల్లి పండిందేమో తియ్" అన్నడు కాక. కానీ షటర్ గుంజి తాళం ఏసుడు మస్తు జల్ది ఏసిండు.

రికార్డు తిప్పి చూసిన. కాక లైటే ఉన్నది. దానికి ముందు ఏం లేదు. నెట్‌వర్క్ మంచిగలేక పాత బొమ్మ పట్టుకున్నదేమో అనుకుందామన్నా... నేను జన్మల గొంగడి కప్పుకోలే.

రానని రాసిపెట్టిన మెసేజ్ తీసేసి ఇంకోటి పంపిన. "వస్తున్న సేటు."

జాగారం నాడు ఆర్మూర్ల దిగిన. అనుకున్నట్టే చాయ్ హోటల్ కాడ, "ఏమన్నా, ప్రపంచం అప్పుడే అయిపోయిందా?" అన్నరు. "సగం మీకోసం మిగిల్చిన పోండ్రిరా" అన్న. చచ్చిపోత అనుకున్న గానీ, నేను గూడ నవ్విన. వచ్చిన్నాడే పాస్‌వర్డు మార్చిన. వీడియోల పని ఇడువలే, స్టూలు మీద కూసొనే చేస్తున్న.

నాలుగు దినాలకు ఫస్టు లోడు దిగింది. కమ్మర్‌పల్లి రైతుది. రాత్రయింది, పొద్దుగాల చూద్దామని ఆయనను పంపిచ్చి నేను గోదాంల్నే ఉన్న. లాప్‌టాప్ ముందు ముడుచుకొని కూసుంటే గంగారం కాక వచ్చిండు. "చలికి సస్తవ్ రా" అనుకుంట తన గొంగడి తీసి నా నెత్తి మీదికెల్లి కప్పి పోయిండు.

నాకు గప్పుడు ఏం తట్టలే. నిజంగ.

ఊకెనే ఒక కొమ్ము తీసిన. చెవి కాడ పెట్టిన. కండ్లు మూసిన. ఠక్. ఇసిరిన. ఇంకోటి. ఠక్.

మీద... కిర్...ర్...ర్...

కెమెరా తిరుగుతున్నది.

నా ఫోన్ నా జేబుల్నే ఉన్నది. గోడ చూసింది. కాంటా చూసింది. నా మీదికొచ్చి ఆగింది. చిన్న ఎర్ర లైటు. నాకు భయమైంది, కాలేదని చెప్ప. కానీ గా లైటును చూస్తే మూడో అంతస్తు రూము యాదికొచ్చింది. చలి. ఏడినీళ్ళ కప్పు. తల అదే లేసింది. నోరు అదే తెరుసుకున్నది.

"తిన్నవారా?"

జవాబు రాలే. కెమెరా స్పీకర్‌లకెల్లి... యాడనో బండల మీద ఏదో పడ్డ చప్పుడు. గంతే. లైటు ఆరిపోయింది.

స్టూలు మీదికెల్లి లేచి మూలకు నిలబడ్డ. షటర్ అవతల కాక ఫోన్ ఇప్పుడు మోగుతదని... ఇప్పుడు మోగుతదని... తెల్లారిందాక చెవి పెట్టి ఇన్న.

మోగలే.

నేనే అయితే మోగాలె కదా? మరి మోగలేదంటే గాడ ఎవడున్నట్టు? తెల్వదు. కాకను అడిగితే పండుకో పో అంటడు. ఒక్కటే ఫికర్... ఎవడైనా కానీ, తిన్నడో లేదో చెప్పలే.