రెండడుగులు ముందు

శనివారం పొద్దున పళ్లు తోముకుంటుంటే జడ్జి సాబ్ కొడుకు ఫోన్ చేసి, "జమేదారు మామా, బాపు పోయిండు" అన్నాడు. నిద్రలోనే పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "రేపు ఆదివారం గదా!" అని అరిచాను. పాపం, ఆ పిల్లవాడికి ఏం అర్థమైందో.

ఆదివారం సంగతి మీకు చెప్పాలంటే ముందు నా నౌకరీ సంగతి చెప్పాలి. హైకోర్టులో నేను ఆయనకు జమేదారును. తెల్లబట్టలు వేసుకుని, ఛాతీ మీద అడ్డంగా పట్టీ కట్టుకుని, ఛాంబర్ నుంచి కోర్టు హాలు దాకా జడ్జికి ముందు నడుస్తూ జనాన్ని తప్పించడం నా పని. వెనక్కి తిరిగి చూడకూడదు. అందుకే ఆయన్ని నేను ఎక్కువగా చెవులతోనే చూశాను. తీర్పు మనసులో తేలిన రోజు బూట్లు టకటకలాడేవి. తేలని రోజు ఎడమ కాలు కాస్త ఈడ్చేవారు. పొడవాటి వరండాలో ఎండ చారలు చారలుగా పడుతుంటే, ఆ చప్పుడు వింటూ నడవడం సగం నిద్రలో నడిచినట్టుండేది. వెనక ఆయన ఉన్నారన్న ధైర్యంతోనే నేను తలెత్తుకుని బతికాను.

ఆయన పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పుట్టిన మనిషి. జిల్లాలో చిన్న కోర్టు మున్సిఫ్‌గా మొదలుపెట్టి అంత పెద్ద కుర్చీ ఎక్కినా, చాయ్ మాత్రం సాసర్లో పోసుకునే తాగేవారు. పాత ఉర్దూ దస్తావేజులు తనే చదువుకునేవారు. నేను హడావిడిగా నడిచిన రోజు ఛాంబర్లోకి వచ్చాక మెల్లగా అనేవారు: "జమేదారూ, ముందు నడిచేటోనికి తొందరుండొద్దు. ఎనుకటోడు ఇంక ఆలోచిస్తనే ఉంటడు."

ఒకరోజు నా పరువు పోయింది. హాల్లో అడుగుపెట్టాను, వకీళ్లంతా లేచి నిలబడ్డారు, నేను పక్కకు తప్పుకున్నాను. చూస్తే వెనక ఎవరూ లేరు!

పరుగెత్తాను. ఆయన వరండా మధ్యలో ఆగిపోయి ఉన్నారు. ఎదురుగా స్తంభం పక్కన గౌలిపుర నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉంది. ఆమె ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్న కేసులో ఆరోజే తీర్పు. ఏమీ అడగలేదు, దండం పెట్టింది, అంతే. కేసున్న మనిషితో జడ్జి మాట్లాడకూడదు.

"సార్" అన్నాను.

"ఏంది, నన్ను ఇడిసిపెట్టి నువ్వే తీర్పు చెప్పొస్తివా?" అని నవ్వి కదిలారు. ఎడమ కాలు ఈడుస్తూనే వచ్చారు. ఆమె ఓడిపోయింది.

ఆయన రిటైరయ్యాక సాయంత్రాలు కలిసి నడిచేవాళ్లం. అప్పుడూ నేను రెండడుగులు ముందే. "పక్కకు రారాదయ్యా!" అని కసిరేవారు, నా కాళ్లు వింటేగా! ఎటు తిరిగినా గౌలిపురలో ఆమె పాత గల్లీ మొదట్లో ఆయన ఆగేవారు. పోయిన వారం అక్కడే నోరు విప్పారు.

"చట్టం ప్రకారమే రాసిన. అండ్ల తప్పు లేదు. గని వకీళ్ల మాటలిన్న, ఆమె మాట ఇనలే. యాడుందో జర కనుక్కో."

ఆ గల్లీలో పాలు పోసే అతన్ని అడిగి కనుక్కున్నాను. ఊరి చివర జల్‌పల్లిలో చిన్న ఇంట్లో ఉంటోందట.

"పోయి ఏం చెప్తరు సార్?" అన్నాను.

"నేనేం చెప్తనయ్యా? ఆమె చెప్తది, నేను వింట. ఆదివారం పోదం. నువ్వు ముందు నడువు."

శనివారం సాయంత్రం శ్మశానం నుంచి బయలుదేరుతుంటే ఒక పెద్దమనిషి, "ఎవ్వరూ ఎనుకకు తిరిగి చూడొద్దు" అని హెచ్చరించాడు. నాకు చెప్తున్నాడు! ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని జల్‌పల్లి పోయాను. ఆటో దిగి గల్లీలో మెల్లగా నడిచాను. తొందరపడలేదు, వెనక్కి చూడలేదు. బూట్ల చప్పుడు వినబడుతున్నట్టే ఉంది. ఎండ మహిమో, నా చెవుల అలవాటో.

తలుపు తీసిన ముసలావిడ నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరు గావాలె బాపూ?"

"మీ కేసు చూసిన జడ్జి సాబ్... మీ మాట ఇననీకి వస్తనన్నరమ్మా."

ఆమె నా తెల్లబట్టల్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత నా భుజం మీదుగా గల్లీలోకి చూసింది.

"ఏరి?" అంది.

గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, దారి ఇచ్చి నిలబడ్డాను.