సెప్టెంబరులో కట్టిన క్రిస్మస్ నక్షత్రం

కొత్తవాడ మగ్గాల షెడ్డుకు సుప్రియ క్రిస్మస్ నక్షత్రం కట్టిన రోజుకు వరంగల్‌లో వినాయకుల నిమజ్జనం కూడా కాలేదు. గల్లీలో గణపతి మండపం, డీజే మోత. ఆ పక్కనే రేకుల షెడ్డు గుమ్మానికి ఎర్ర కాగితం నక్షత్రం. వచ్చేపోయేవాళ్ళంతా ఆగి మరీ నవ్వారు. కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన ఆమె తండ్రి దానియేలు చర్చిలో పెద్దమనిషి. ఆయనకే నవ్వాగలేదు.

"గింత తొందరేంది బిడ్డా? క్రిస్మస్‌కు ఇంక నాలుగు నెలలున్నది."

"మనకు డిసెంబర్ల నాయినా. ఫిలిప్పీన్స్‌ల ఇయ్యాల్నే షురువైతది," అంది సుప్రియ నిచ్చెన దిగుతూ.

అది గాలికి అన్న మాట కాదు. దుబాయ్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్‌గా పనిచేసినన్నాళ్ళూ ఆమె ముగ్గురు ఫిలిప్పీన్స్ అమ్మాయిలతో ఒకే గదిలో ఉంది. సెప్టెంబరు రాగానే వాళ్ళు గోడకు దీపాల తీగ కట్టి, పండగ పాటలు పెట్టి, ఊళ్ళో చుట్టాలకు బహుమతులు కొనడం మొదలుపెట్టేవాళ్ళు. దుప్పటి కొనాలన్నా ముందు అమ్మేవాడితో ఫోన్‌లో బోలెడు కబుర్లాడేవాళ్ళు. మనిషి నచ్చకపోతే చవకైనా ముట్టుకునేవాళ్ళు కాదు. సుప్రియ వాళ్ళ భాష నేర్చుకుంది, వాళ్ళ కూరలూ నేర్చుకుంది. తిరిగొచ్చాక హన్మకొండలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, కొత్తవాడ జంపఖానాలను ఫిలిప్పీన్స్‌లో అమ్మిపెడతానని ఈ షెడ్డుకు వచ్చింది.

షెడ్డు పరిస్థితి అప్పటికే బాగాలేదు. ఆర్డర్లు ఎండిపోయి సగం మగ్గాలు దుమ్ము పట్టాయి. కట్టెల వ్యాపారి వెంకట్రాజం వచ్చి, కట్టె కింద కొంటానని మగ్గాల చెక్కను టేపు పెట్టి కొలుచుకుని పోయాడు. నేతగాళ్ళ సంఘానికి పెద్ద సారంగపాణి ఆ రోజు అన్నం తినలేదు.

"దీపావళి దాక ఆగుత బిడ్డా," అన్నాడు సుప్రియతో. "అప్పటికి మగ్గాలు ఆడకుంటే వాటిని ఇచ్చుడే. నాతోని గాదు."

మొదట సుప్రియ కోర్సులో చెప్పినట్టే చేసింది. తెల్లటి గోడ ముందు జంపఖానాలు పరిచి తళతళలాడే ఫోటోలు తీసి, మనీలా వాళ్ళ ఫోన్లలో కనబడేలా ప్రకటనలు వదిలింది. లైకులు వానలా కురిశాయి. కొన్నవాడు మాత్రం లేడు. లైకులు పడుగూ కావు, పేకా కావు కదా! అప్పుడు ఆమెకు దుబాయ్ గది గుర్తొచ్చింది. తను జంపఖానాను చూపించింది గానీ మనిషిని చూపించలేదు.

నక్షత్రం కట్టిన సాయంత్రమే ఫోన్‌ను మగ్గం ఎదురుగా నిలబెట్టి లైవ్ పెట్టింది. మగ్గం మీద మొగిలమ్మ. షెడ్డులో అందరికంటే పెద్దది, మాట కంటే చెయ్యి వేగం. "ఆ ఫోన్ల మనుషులున్నరవ్వా, నిన్నే చూస్తాండ్రు," అని సుప్రియ ముందే చెప్పింది. అక్కడివాళ్ళ భాషలో నేత గురించి ఎంత ముద్దుగా చెప్పినా, జనం తొంగిచూసి పోతున్నారు తప్ప నిలవడం లేదు.

ఇంతలో మొగిలమ్మకు ఆకలైంది. మగ్గం ఆపి సద్దిగిన్నె మూత తీసింది. ఎదుట మనుషులుండగా పిలవకుండా ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆ తల్లి ఎరగదు. ఫోన్ వైపు తిరిగి, "తిన్నరా బిడ్డా? రాండ్రి, జర తిందురు," అంది.

సుప్రియ చప్పున ఫోన్ దగ్గరికి ఉరికింది. లైవ్‌లో తిండి కనిపించకూడదని కోర్సు సారు చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఫోన్ తిప్పేయబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. దుబాయ్ గదిలో ఒక్క నూడుల్స్ పొట్లం ఉన్నా సరే, గుమ్మం దాటి వచ్చిన ప్రతి మనిషినీ ఆ అమ్మాయిలు తినడానికి పిలిచేవాళ్ళు. పిలవకపోతే వాళ్ళకూ తప్పే. సుప్రియ మొగిలమ్మ మాటను ఉన్నదున్నట్టు వాళ్ళ భాషలో చెప్పింది.

ఇక చూడాలి! నేను తిన్నాను అమ్మా అని ఒకరు, నువ్వు తిను అమ్మా అని ఇంకొకరు, ఆ గిన్నెలో కూరేంటి అని మరొకరు. పచ్చిపులుసు అంటే ఏమిటో సుప్రియ చెప్పలేక నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఎవరో, ఆ మగ్గం మీదున్న జంపఖానా మా అమ్మకు కావాలని రాశారు. అదే మొదటి ఆర్డరు.

అక్కడి నుంచి సుప్రియ వ్యాపారమంతా ఆ పిలుపు చుట్టూ అల్లింది. ప్రతి సాయంత్రం అదే వేళకు లైవ్. వచ్చిన ప్రతి సందేశానికీ పేరు పెట్టి జవాబు. కొన్నవాళ్ళు జంపఖానా మీద ఇంటిల్లిపాదీ కూర్చుని దిగిన ఫోటోలు పంపితే వాటినే ప్రకటన చేసింది. అవి చూసి వాళ్ళ పిన్నులూ మేనత్తలూ అడిగారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఊరికే అనలేదు.

దీపావళి దగ్గరపడ్డాక మొగిలమ్మకు జ్వరమొచ్చింది. సారంగపాణి కంగారుపడ్డాడు. "పాత వీడియో పెట్టు బిడ్డా. వాళ్ళకేం ఎరుకైతది?"

"అవ్వ తిన్నరా అంటే వాళ్ళు జవాబు రాస్తరు కాకా. వినే మనిషి లేకుంట అడుగుడు మోసం గాదా?"

ఆగిన మగ్గం పక్కన నిలబడి, అవ్వ దవాఖానలో ఉందని లైవ్‌లో చెప్పేసింది. ఆ రోజు ఏమీ అమ్మలేదు. మగ్గాలు చేజేతులా పోగొడుతున్నానేమోనని భయపడింది కూడా. నేనైతే పాత వీడియో పెట్టేసేవాణ్ణి, అందుకే ఆ పిల్లంటే నాకింత గౌరవం. తెల్లారేసరికి ఫోన్ నిండా ప్రార్థనలు. అమ్మ కోలుకునేదాకా ఆగుతామని, పండగకు మాకూ ఒకటి పక్కన పెట్టమని. దుమ్ము పట్టిన మగ్గాలన్నీ దులిపినా చాలనన్ని ఆర్డర్లు.

దీపావళికి వెంకట్రాజం ట్రాలీ వేసుకుని వచ్చాడు. షెడ్డంతా మగ్గాల చప్పుడు. టేపు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. సారంగపాణి గొంతు సవరించుకునేలోపే, జ్వరం తగ్గి మళ్ళీ షెడ్డుకొచ్చి, గిన్నె ముందు కూర్చున్న మొగిలమ్మ తలెత్తింది.

"తిన్నవా బిడ్డా? రా, కూసో."

కాదనలేక కూర్చున్నాడు. లైవ్ నడుస్తోంది. ఈ కొత్తాయన ఎవరని మనీలా నుంచి ఎవరో అడిగారు. సుప్రియ ఒక్క క్షణం ఆలోచించి, చుట్టమని చెప్పింది. చేయి కడుక్కుని లేచిన వెంకట్రాజం చేతిలో మొగిలమ్మ అతని టేపు పెట్టింది.

"మల్ల రా బిడ్డా. ఇది తేకు, ఆకలితోని రా."