అందరూ ముసలితనంతోనే పోయారు

రంగూన్‌లో ప్లేగు తిరుగుతున్న రోజుల్లో, లమ్మడాలోని మా మేడగదిలో ఎవరు పోయినా ముసలితనంతోనే పోయేవారు. అదంతా మా అత్త చలవ. రేవులో బస్తాలు మోసే మన కుర్రాళ్లకి మేం పూటకూళ్లు వండేవాళ్లం. వాళ్లు మా దగ్గరే తిని, మా దగ్గరే పడుకునేవారు. ఎవరైనా పోతే మున్సిపాలిటీ ఆయన వచ్చి, "దేనితో పోయాడు?" అని అడిగేవాడు. ప్లేగన్న అనుమానం తగిలిందా, గదిలో పక్కబట్టలన్నీ వీధిలో కుప్పపోయించి తగలబెట్టించేవాడు.

అత్తకున్న పక్కబట్ట ఒక్కటే, బొంత. మా మావ పోయాక ఆయన పంచెలన్నీ కలిపి కుట్టుకుంది. ఎవర్నీ ఉతకనిచ్చేది కాదు. "ఆయన వాసన పోద్ది" అనేది. ఓలమ్మో, ఆ వాసన మావదో ఎండుచేపలదో నాకైతే ఎప్పుడూ తేలలేదు! దాని గురించి రోజూ దెబ్బలాడుకునేవాళ్లం.

ఓసారి జ్వరంతో ఒక కుర్రాడు పోయాడు. ఇరవై ఏళ్లుంటాయో లేదో.

"ముసిలితనం బాబూ," అంది అత్త, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

"వీడికా?"

"బస్తాలు మోసినోడికి ఇరవైకే ముసిలితనం. తమరోపాలి మోసి సూడండి."

ఆయన గతుక్కుమని వెళ్లిపోయాడు.

ఇంకొకడు రేవులో మీద బస్తా పడి పోతే, వాడికీ ముసలితనమే చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

"బస్తా పడిందంటే నీ బొంతకేటి బయం?" అన్నాను.

"నీకేటి తెల్సు, నోర్ముయ్. ఓపాలి నిజం సెప్తే అదే అలవాటైపోద్ది," అంది.

చివరికి అత్తే పోయింది. పళ్లన్నీ ఊడి, నడుం వంగిపోయిన మనిషి. పొద్దున్న చద్దన్నం తిని, బొంత మీద కాస్త నడుం వాల్చి, మరి లేవలేదు. మున్సిపాలిటీ ఆయన వచ్చి అడిగాడు. "ముసలితనం," అన్నాను. ఆయన పకపకా నవ్వి, బొంత లాగమని మనుషుల్ని పురమాయించాడు.

"నీ నోట్లో మన్ను పడ! ఇది నిజంగానే ముసల్ది! దీని నోరు తెరిచి చూసుకో, ఒక్క పన్నుంటే నన్నడుగు!" అని అరుస్తూ బొంత కొస పట్టుకున్నాను. వాళ్లు అటు, నేను ఇటు. పర్రుమని చిరిగింది. మిగతాది వీధిలోకి ఈడ్చుకెళ్లి, కిరసనాయిలు పోసి ముట్టించారు.

శవం దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. వీధిలోనే చతికిలబడి, "అత్తా, నీ బొంత కాపాడలేకపోయానే" అని గుండెలు బాదుకున్నాను.

నా చేతిలో చిన్న పీలిక మిగిలింది. దాన్ని ఇప్పటిదాకా ఉతకలేదు.