చెల్లెలు వచ్చేలోగా బిగిసిపోయిన పేర్లు

మా ఎదురు వాటాలో ఒక అన్నా చెల్లెలూ కలిసి కంప్యూటరు కోసం ఒక భాష తయారుచేశారు. ఉన్న భాషలు చాలవా అని మీకు అనిపించినట్టే నాకూ అనిపించి అడిగేశాను. ఆ తలుపు తీసి ఉంటే నా కాళ్లు మా ఇంట్లో నిలిచేవి కావు.

అన్నను మా మెట్ల మీద అందరూ కళ్లజోడు అనేవారు. జోడు నుదుటి మీద పెట్టుకొని సొరుగులన్నీ వెతికే మనిషి. ముందు గదిలో కిటికీకి చెరో పక్కన రెండు బల్లలు, ఒకటి ఆయనది, ఒకటి చెల్లెలిది. ఆమె కాపురం పక్క వీధిలో. మొగుణ్ణి పనికి పంపించి పొద్దున్నే వచ్చి తన బల్ల ముందు కూర్చునేది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మన మాటల్లోనే కంప్యూటరుతో పని చేయించుకోవాలని ఇద్దరి పట్టుదల. అందుకోసం ఉన్న ఉద్యోగాలు కూడా మానుకున్నారు.

"భాషొక్కటే ఇస్తే చాలదు పిన్నిగారూ," అని చెల్లెలే నాకు చెప్పింది. "కొత్త కాపురానికి పొయ్యి ఇచ్చి ఊరుకుంటామా? డబ్బాలు కూడా సర్ది ఇవ్వాలి. లెక్కలకొక డబ్బా, తేదీలకొక డబ్బా, వెతకడానికొకటి. వీటినే మాడ్యూళ్లు అంటారు. ఏది కావాలంటే దాన్ని పేరు పెట్టి పిలిచి వాడుకోవాలి."

"పేరు తట్టకపోతే?"

"డబ్బా ఉన్నా లేనట్టే."

అందుకే పేర్ల దగ్గర ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఒక పేరు అనుకోగానే కిందికి దిగి, కంప్యూటరు ముఖం ఎరగనివాళ్లకు చెప్పి, లోపల ఏముంటుందో ఊహించమనేది. ఎక్కువగా మెట్ల కింద దర్జీయే దొరికేవాడు.

"బాబాయ్, డబ్బా మీద కాలం అని రాసుందనుకో. లోపల ఏముంటుంది?"

"ఏ కాలమమ్మా? వానాకాలమా, పోయేకాలమా?"

మేమంతా నవ్వుతుంటే ఆమె నవ్వకుండా పైకి వెళ్లి ఆ పేరు కొట్టేసింది. మర్నాడు 'తేదీలు' అంటూ దిగింది. దర్జీ తడుముకోలేదు. "ఏముంది, రోజులుంటాయి. నేను బట్టలిస్తానన్న రోజులు మటుకు అందులో పెట్టకు తల్లీ, ఒక్కటీ నిజం కాదు," అన్నాడు. ఆ పేరు నిలిచింది.

అన్నకు ఇదంతా నచ్చేది కాదు. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బస్సు కోసం నిలబడ్డ జనంలా ఉన్నాయి నీ పేర్లు. అన్నిటికీ ఒక వరస ఉండొద్దూ?"

"బస్సు దొరికితే చాలదా అన్నయ్యా?"

అలా సాగుతుండగానే ఆమెకు నెలలు నిండాయి. కాన్పుకు తల్లి దగ్గరికి బయలుదేరుతూ, చెప్పులు వేసుకోవడానికి వంగలేక నా భుజం పట్టుకొని నిలబడి, "అన్నయ్యా, నువ్వేమైనా చేసుకో. నేనొచ్చేదాకా పేర్లు మాత్రం బిగించకు," అంది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. భాషను పూర్తిగా జనంలోకి వదిలేదాకా పేర్లు రోజుకొకటి మార్చుకోవచ్చు. వదిలాక ముట్టుకోకూడదు. ఆ పేర్లను నమ్మి ఎక్కడెక్కడివాళ్లో రాసుకున్న పనులు, పేరు మారిన రోజున ఆగిపోతాయి.

"సరేలే, నువ్వు క్షేమంగా రా," అన్నాడు అన్న. అన్నప్పుడు మనసులో మరో మాట లేదు. పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలుసు.

ఆమె వెళ్లాక, ఆ విద్యలో తలపండినవాళ్లు కొందరు చూడటానికి వచ్చారు. మంచినీళ్లిచ్చే వంకతో నేనూ లోపలే ఉన్నాను. ఒకాయన తెర మీది పేర్లు చదివి, "ఇదేమిటయ్యా, పలక పట్టినవాళ్ల పాఠంలా ఉంది! మా సభలో దీన్నే పెడతావా?" అని నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. కళ్లజోడు కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్లటు వెళ్లగానే కూర్చొని పేర్లన్నీ మార్చేశాడు. మొదటి అక్షరం, చివరి అక్షరం, అంతే. లెక్కలు 'లెలు' అయ్యాయి. వెతుకులాట 'వెట' అయింది. తేదీలు కాస్తా 'తేలు' అయి కూర్చుంది.

"అన్నీ రెండక్షరాలే! ఎంత పొందికగా ఉన్నాయో చూడండి పిన్నిగారూ. చెల్లి ఆశ్చర్యపోతుంది."

"ఫోన్లో చెప్పావా?"

"పచ్చి బాలింత. ఇప్పుడు దాన్ని కదిలించడం ఎందుకు?"

సభలో చప్పట్లు కొట్టారట. భాష జనంలోకి వెళ్లింది.

తిరిగొచ్చిన రోజున చెల్లెలు చంటిపిల్లను నా ఒళ్లో పెట్టి తన బల్ల ముందు కూర్చుంది. తెర కిందికి జరుపుతూ పోయింది, జరుపుతూ పోయింది.

"వదిలేశావా?"

"సభ తేదీ ముందుగానే ఖాయమైపోయింది. నువ్వేమో..."

"నేనడిగింది ఒక్కటే మాట కదా అన్నయ్యా."

"మార్చింది పేర్లే కదే. నువ్వు చేసిన పనిలో చుక్క కూడా తీయలేదు."

"ఉంటే ఏం లాభం? దొరకాలి కదా."

లేచి నా ఒళ్లోంచి పిల్లను ఎత్తుకొని వెళ్లిపోయింది. కొన్నాళ్లకు వేరే ఆఫీసులో చేరిందని తెలిసింది. ఆమె బల్ల మీద దుమ్ము అన్నే తుడిచేవాడు.

భాష బడుల్లోకి వెళ్లాక టీచర్ల ఫోన్లు మొదలయ్యాయి. ఆయన స్పీకరు పెట్టి మాట్లాడతాడు, నా చెవులు మూసుకోమంటారా? "తేదీ కావాలంటే ఏ డబ్బా పిలవాలి సార్? పిల్లలు వెతుక్కోలేకపోతున్నారు." ఎవరు చేసినా ఇదే గోల. చెప్పీ చెప్పీ ఒకనాడు ఫోను బల్ల మీద పడేసి, "చెల్లి ఇంటికి నాతో వస్తారా పిన్నిగారూ?" అన్నాడు. నన్ను అడగాలా?

ఆమె పిల్లకు అన్నం తినిపిస్తోంది. ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"తప్పు నాదే. నీ పేర్లే మళ్లీ పెట్టేస్తాను. నువ్వు వచ్చెయ్, ఇద్దరం కూర్చొని మార్చేద్దాం."

"బడిపిల్లలు ఇప్పటిదాకా రాసుకున్నవి ఏం కావాలి?"

"మళ్లీ రాసుకుంటారు."

"ఎందుకు? నా మాట నెగ్గడానికా?"

"పోనీ రెండు పేర్లూ ఉంచుతా. ఇప్పుడున్నదీ, నీదీ."

"ఒక పుస్తకంలో ఒకటుంటుంది, ఇంకోదాంట్లో ఇంకోటి. నేర్చుకునేవాడికి రెండింతల చాకిరీ. వద్దు."

"ఇకమీదట చేసే కొత్తవాటికైనా నువ్వు పెట్టవే."

ఆమె పిల్ల మూతి తుడిచింది. "సగం నీ వరస, సగం నా వరస అయితే ఇంకా తికమక. కొత్తవాటికీ రెండక్షరాలే పెట్టు. కష్టమో నష్టమో అలవాటు పడ్డారు పాపం. ఇప్పుడు వాళ్లకు అదే సుళువు."

నాకు ఉండబట్టలేదు. "అదేమిటే తల్లీ, వాడు దిగొచ్చి బతిమాలుతుంటే! ఇంకా అంత కోపమా?"

"కోపం ఎప్పుడో పోయింది పిన్నిగారూ. మారిస్తే బాగుపడే రోజులు కూడా పోయాయి."

అప్పుడు కూర్చున్నాడు ఆయన. ఇచ్చిన టీ చల్లారిపోయింది. లేచేటప్పుడు, "ఆదివారాలు వస్తూ ఉండనా?" అని అడిగాడు, పరాయి ఇంట్లో అడిగినట్టు.

"రా అన్నయ్యా. దీన్ని ఆడించడానికి రా. పని మాట మాత్రం తేకు."

ఆదివారాలు వెళ్తూనే ఉన్నాడు. ఈమధ్య బొమ్మలు గీసే డబ్బా ఒకటి కొత్తగా తయారుచేసి, ఆమె చెప్పినట్టే రెండక్షరాల పేరు పెట్టి వదిలాడు. బాగా కుదిరిందని చాలామంది మెచ్చుకున్నారట. ఆ ఆదివారం మేనకోడల్ని భుజం మీద ఎక్కించుకొని వీధంతా తిప్పి, ఆ సంగతి చెప్పకుండానే ఇంటికి వచ్చేశాడు.