మిలిటరీ లారీలో జొన్నరొట్టెల పొయ్యి

మా ఆయన మిలిటరీలో పదిహేనేళ్ళు లారీ తోలాడు. ఆ పదిహేనేళ్ళూ నేను జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కనున్న మా అత్తగారింట్లో ఉన్నాను. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన రోజు నుంచే పోయే రోజును తలుచుకుని ఏడవడం నాకు అలవాటైపోయింది. మాకు పిల్లలు కలగలేదు. అత్తగారు కూడా పోయాక ఆ ఇంట్లో నేనూ ఒక బర్రే మిగిలాం. అందుకే ఆయన నౌకరీ ముగించుకుని, ట్రంకు పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చిన రోజున, ఇక ఈ మనిషిని ఎక్కడికీ కదలనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ మాట పైకి మాత్రం అనలేదు.

రెండేళ్ళు బాగానే ఉన్నాడు. కందిచేను చూసుకునేవాడు, చుట్టుపక్కల బావుల మీది ఇంజన్లు బాగుచేసి పెట్టేవాడు. ఎమర్జెన్సీ రోజుల్లో ఒకనాడు పొద్దున్నే సికింద్రాబాద్ పోయి, వేలంలో పాత మిలిటరీ లారీ ఒకటి పాడుకుని, సాయంత్రానికి తోలుకొచ్చాడు. దాన్ని వాకిట్లో నిలబెడితే వంటింట్లోకి వెలుతురు రాకుండా పోయింది.

"గిదేంది? కంకర గొట్టే పని వెట్టుకుంటరా?" అన్నాను.

"కంకర కాదు. ఈ లారీలనే వండుకుందాం, ఇండ్లనే పండుకుందాం, దేశమంతా తిరుగుదాం," అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు లారీ మెట్టు మీద కూచుని చెప్పాడు. మిలిటరీ బండ్లు వరస కట్టి పోతాయట. ముందు బండి ఆగితేనే వెనక బండి ఆగాలి. మంచు కొండలు, పెద్ద పెద్ద నదులు, యాపిల్ తోటలు, అన్నీ అద్దంలోంచి చూడటమే తప్ప దిగి నిలబడింది లేదు.

"పదిహేనేండ్లు తోలిన. ఒక్కపారి గూడ నాకు ఆపబుద్ధయిన కాడ ఆపలే. ఇప్పుడు ఏడ బుద్ధయితే ఆడ ఆపుదాం. హోటలొద్దు, సత్రమొద్దు, ఎవల్ని ఏం అడుగుడొద్దు. అన్నీ ఇండ్లనే ఉండాలె. నీకు గూడ అవన్ని చూపిస్త."

'నీకు గూడ' అన్నందుకు నేను సంతోషించాల్సింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళు ఆ రోడ్డు వంక చూసి చూసి కళ్ళు కాయలు కాచినదాన్ని. వచ్చాడు గదా అని ఊపిరి పీల్చుకుంటే, మళ్ళీ ఆ రోడ్డే కావాలట ఈయనకి.

రానని చెప్పేస్తే సరిపోయేది. కానీ మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు 'రాను' అనే మాట నోటితో అనరు. ఏదో ఒకటి అడుగుతారు. ఇష్టం లేని పెళ్ళికి పిలుపొస్తే "మంచి చీర లేదక్కా" అంటారు. విన్నవాళ్ళకు సంగతి తెలిసిపోతుంది, రెండోసారి పిలవరు. నేనూ అదే చేశాను. పదిహేనేళ్ళు సిపాయిల మధ్య బతికిన మనిషికి మన ఇళ్ళ మాటతీరు మరుపున పడి ఉంటుందని నాకు తట్టలేదు. ఆయనకు ఎవరైనా ఏదైనా అడిగారంటే అది చేసి పెట్టాల్సిన పని, అంతే.

మొదటి ఏడాది లారీ లోపల దేవదారు పలకలతో రెండు మంచాలు కొట్టాడు. రెండు డ్రమ్ములు పైన బిగించి, నల్లా పెట్టాడు. కిరసనాయిల్ స్టవ్ కుదుపులకు పడకుండా ఇనుప పట్టీలు వేశాడు. మిలిటరీ రంగు ఉంచకూడదట, అంతా గీకి నీలం రంగు కొట్టాడు. ఉగాది ముందు వచ్చి, "అయిపోయింది, పోదాం పా," అన్నాడు.

"కిరసనాయిల్ స్టవ్ మీద జొన్నరొట్టె గాలుతదా? ఆ వాసనకు ఎట్ల తింటరు?" అన్నాను.

ఆయన తలూపాడు. రానంటున్నానని అర్థమైందని నేననుకున్నాను. మర్నాడు చూస్తే తట్టల్లో ఎర్రమట్టి మోసుకొస్తున్నాడు!

ఆ పొయ్యి ఒక్కటే దగ్గర దగ్గర ఏడాది తిన్నది. ఇనుప రేకుతో డబ్బాలాగా చేసి, లోపల మట్టి మెత్తాడు. పక్కనున్న చిరాగ్‌పల్లి దాకా ఒక రౌండు తోలుకొస్తే మట్టి పగిలి రాలిపోయింది. పేడా గడ్డీ కలిపి మళ్ళీ మెత్తాడు. పొగ పోవడానికి కప్పుకు బెజ్జం చేసి గొట్టం పెట్టాడు. వానాకాలం ఆ బెజ్జం లోంచి నీళ్ళు కారి పరుపులు తడిశాయి. దాని చుట్టూ తారు పోశాడు. చివరికి పొయ్యి నిలబడింది. నేను వెంటనే రోలు అడిగాను. రోలు తెచ్చి నేలకు బోల్టులతో బిగించాడు. ఆడదానికి స్నానానికి మరుగు ఎక్కడుందన్నాను. వెనక మూలన రేకుల గది కట్టి, నీళ్ళు కిందికి పోయే దారి పెట్టాడు. తులసికి నీళ్ళు పోయనిదే నేను చాయ్ తాగనన్నాను. క్యాబిన్ వెనక కుండ కూచునేటట్టు ఇనుప చుట్టు చేయించాడు. ఒక్క పనికీ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేను గొంతెత్తి పోట్లాడేదాన్ని, ఆ పోట్లాటలో నిజం బయటపడేది.

రాయికోడ్ నుంచి మా అన్న వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. "బావా, గుడారాలేసుకొని తిరిగేటోళ్ల లెక్క గీ బతుకేంది నీకు? భూమి లేదా, ఇల్లు లేదా?"

"వాళ్లు చూసినంత దేశం నువ్వు చూసినవా?" అని నవ్వాడు ఆయన.

అన్న ముందు నేను కూడా మొహం మాడ్చుకుని కూచున్నాను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. వాకిట్లో సుత్తి చప్పుడు వినబడుతుంటే వంట చేసుకోవడం నాకు ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ చప్పుడు ఉన్నన్నాళ్ళూ మనిషి ఇంట్లోనే ఉంటాడు. ఒక పని ముగిసి చప్పుడు ఆగితే నాకు భయం పుట్టేది, ఇంకొకటి వెతికి అడిగేదాన్ని. ఇట్లా ఏడేళ్ళు నడిపించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి అడగడానికి ఏమీ దొరకలేదు. "ఇగ చెప్పు, ఏం తక్కువైంది?" అన్నాడు. అప్పటికి నాకూ మనసు మెత్తబడింది. ఆ పొయ్యి మీద రొట్టె చేసి చూస్తే మా ఇంటి రొట్టెలాగానే పొంగింది. "పోదాం తియ్యండి," అన్నాను. ఆయన నమ్మలేనట్టు నా మొహంలోకి చూశాడు.

బయల్దేరేముందు బండిని ఒకసారి చూసుకోవాలన్నాడు. ఇద్దరం క్యాబిన్‌లో ఎక్కి చిరాగ్‌పల్లి వైపు పోయాం. ఏడేళ్ళలో నేను ఆ లారీలో కూచుని ప్రయాణం చేయడం అదే మొదలు. తిరిగొస్తుంటే ఎడమ పక్క బాట మీది నుంచి జొన్నచొప్ప ఎత్తిన ఎడ్లబండి ఒకటి రోడ్డెక్కుతోంది. అంత పెద్ద బండి, అంత దూరం నుంచే నాకు కనబడుతోంది. ఆయన మాత్రం వేగం తగ్గించడం లేదు. నేను కేక పెట్టాను. బ్రేకు వేసేసరికి ఎద్దుల మొహాలు నా కిటికీ పక్కనే ఉన్నాయి.

ఆయన ఇంజను ఆపి స్టీరింగు పట్టుకుని కూచున్నాడు. "నాకు కండ్లవడలే," అన్నాడు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరు, కంటి నరం ఎండిపోతోందని, పక్కల చూపు పోయి చాలా కాలమై ఉంటుందని, అది తిరిగి రాదని చెప్పాడు. బండి ముట్టుకోవద్దన్నాడు. దారంతా నేను మనసులో వెనక్కి లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. రెండు మంచాలూ స్టవ్వూ ఉన్న ఆ మొదటి ఉగాదికి ఆయన చూపు సూదిలో దారం ఎక్కించేంత బాగుండేది.

తర్వాత లారీ వాకిట్లోనే ఉండిపోయింది. ఆయన రోజూ పోయి అందులో మంచం మీద పడుకుని వచ్చేవాడు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం నేను చాయ్ తీసుకుని లోపలికి పోయాను. ఆయన పొయ్యి అంచును చేత్తో తడుముతున్నాడు. ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. రొట్టె సంగతి, రోలు సంగతి, తులసి సంగతి, అవన్నీ నాకు అవసరమై అడిగినవి కావని, రావడం ఇష్టం లేకనే అడిగానని చెప్పి ఏడ్చాను. తిడతాడేమోనని ఎదురుచూశాను.

ఆయన గ్లాసు కోసం చేయి చాపాడు. నేను దాన్ని ఆ చేతిలో పెట్టాను.

"రానని ఒక్క మాట అంటే అయిపోతుండె గద," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఒక్కణ్ణే పోతుంటి. మూడు నెలలల్ల మల్ల నీ కాడికే వస్తుంటి."

వచ్చేవాడే. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.